వార్డెన్ లేని హాస్టల్

విజయవాడలో ఒక ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీ హాస్టల్లో నేను దాదాపు పదేళ్ళు వార్డెన్‌గా చేశాను. ఆ ఉద్యోగానికి కావలసినవల్లా ఒక విజిల్, ఒక గట్టి గొంతు, పిల్లల తండ్రుల ఫోన్ నంబర్లు. నా డిగ్రీ సర్టిఫికెట్ యాజమాన్యం వాళ్ళు ఒకసారి తిరగేసి బీరువాలో పడేశారు గానీ, గొంతు మాత్రం ఇంటర్వ్యూలోనే పరీక్షించారు. కింద గ్రౌండ్‌లో నిలబడి అరిస్తే పై అంతస్తులో వినబడాలన్నారు. వినబడింది.

తెల్లవారకముందే విజిల్ ఊదేవాణ్ణి. లేవనివాడి దుప్పటి లాగేవాణ్ణి. పళ్ళు, స్నానం, స్టడీ అవర్, టిఫిన్, అన్నీ విజిల్ మీదే నడిచేవి. బకెట్లో సబ్బుపెట్టె కింద దాచిన సెల్‌ఫోన్‌ని వాసన చూసి పట్టేవాణ్ణని పిల్లలు చెప్పుకునేవాళ్ళు. అన్నిటికంటే ముఖ్యమైన పద్ధతి ఒకటుండేది. ఎవడైనా టిఫిన్‌కి రాకపోతే అనుమానించాలి, మధ్యాహ్నం భోజనానికీ రాకపోతే సాయంత్రానికల్లా వాడి నాన్న గేటు దగ్గర నిలబడి ఉండాలి. ఈ పద్ధతి వల్ల ఎంతమంది పిల్లలు గోడ దూకకుండా ఆగారో, దిగులుతో మంచం పట్టినవాళ్ళు ఎంతమంది ఇంటికెళ్ళి తేరుకుని వచ్చారో నాకు తెలుసు. అందుకే అది నాకు ఊపిరి తీసుకున్నంత సహజంగా అలవాటైపోయింది. తరవాత జరిగినదానికంతా ఆ అలవాటే కారణం.

మా ఆవిడ నర్సు. ఆవిడకి డబ్లిన్‌లో ఉద్యోగం వస్తే ముందు తను వెళ్ళింది, వెనక నేను వెళ్ళాను. సిటీవెస్ట్‌లో ఒక అపార్ట్‌మెంట్ అద్దెకి తీసుకున్నాం. చర్చిలో మన తెలుగువాళ్ళు కలిసినప్పుడు అందరూ నన్ను "సిస్టర్ గారి హస్బెండ్" అని పరిచయం చేసేవారు. నాకొక పేరుందని ఎవరికీ గుర్తున్నట్టు లేదు. కొన్నాళ్ళు క్లాండాల్కిన్‌లో ఒక గోదాములో పెట్టెలు మోశాను. అక్కడ అందరూ నన్ను పేరుతోనే పిలిచేవారు గానీ, వాళ్ళు పిలిచే తీరులో అది నా పేరని నాకే అనిపించేది కాదు. నడుం పట్టేసి ఇంట్లో పడ్డాను. ఎన్నో వందలమంది చేత "సార్" అనిపించుకున్నవాణ్ణి, రోజంతా ఇంట్లో కూర్చుని మా ఆవిడ డ్యూటీ నుంచి వచ్చేసరికి కూరలు తరిగి పెట్టేవాణ్ణి. కూరలు తరగడంలో తప్పేమీ లేదు. కానీ నన్ను మళ్ళీ ఎవరైనా సార్ అనాలని నాకు చాలా ఉండేది. సిగ్గుపడకుండా చెబుతున్నాను.

నా ఉద్యోగానికి కూడా పీజీ ఉంటుందని కనిపెట్టింది మా ఆవిడే.

"ఏవండీ, ఇది చూడండి. కాలేజీల్లో పిల్లల బాగోగులు చూసేవాళ్ళకి మాస్టర్స్ ఉందంట. స్టూడెంట్ అఫైర్స్ అడ్మినిస్ట్రేషన్. మీరు చేసిన పనేగా?"

"విజిల్ ఊదడానికి మాస్టర్స్ ఏంటే?"

"ఊదడానిక్కాదు, ఊదకుండా ఉండటానికేమో. అప్లై చెయ్యండి."

చేశాను. సీటొచ్చింది. ఊళ్ళో మా బావమరిది ఫోన్లో, "అఫైర్లు చదవడానికి ఐర్లండ్ దాకా ఎందుకు బావా, మన వీధిలో చాలవా" అని ఒక వారం నవ్వాడు.

క్లాసులు మొదలయ్యేసరికి మహమ్మారి వచ్చి కాలేజీలన్నీ కంప్యూటర్లోకి దూరాయి. మా ఇంట్లో మంచం వేస్తే తలుపు తెరుచుకోని చిన్న గది ఒకటుంది. అందులో ఇస్త్రీ బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని విద్యార్థినయ్యాను. నా వెనక తెరలో ఎప్పుడూ సోనామసూరి బియ్యం బస్తా కనబడుతుండేది. తోటి విద్యార్థుల వెనక పుస్తకాల అలమరలూ పూలకుండీలూ ఉండేవి. ఒకమ్మాయి మర్యాదగా ఆ బస్తా ఏమిటని అడిగింది. ఆహారమని చెప్పాను. అంతటితో ఆ సంభాషణ ముగిసింది.

ప్రతి క్లాసూ మొదలయ్యే ముందు మా మనసెలా ఉందో వాతావరణం భాషలో చెప్పమనేవారు. ఒకరు "కొంచెం మబ్బుగా ఉంది" అనేవారు, ఇంకొకరు "ఉదయం పొగమంచు, ఇప్పుడిప్పుడే ఎండ" అనేవారు. నా వంతొచ్చినప్పుడు నేను కిటికీలోంచి చూసి "వాన" అన్నాను. అందరి మొహాలూ జాలిగా అయిపోయాయి. క్లాసయ్యాక ప్రొఫెసరు ప్రత్యేకంగా ఆగి, ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తోందా అని అడిగాడు. నిజంగానే వాన పడుతోందని ఆయనకి నచ్చజెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

చదువు మాత్రం గట్టి చదువే. విద్యార్థికి సవాలూ ఉండాలి, అండా ఉండాలి, రెండూ సమపాళ్ళలో ఉంటేనే మనిషి ఎదుగుతాడని ఒక సిద్ధాంతం. మా హాస్టల్లో సవాలు నేను, అండ మెస్సులో వంటమనిషి. విద్యార్థి పద్దెనిమిదేళ్ళ పెద్దమనిషి, వాడి నిర్ణయాలు వాడివి అన్నది ఇంకో సిద్ధాంతం. ఇది నా చెవికెక్కలేదు. పద్దెనిమిదేళ్ళవాళ్ళని నేను చాలా దగ్గర నుంచి చూశాను. నా క్రమశిక్షణ పద్ధతి గురించి వ్యాసం రాయమంటే విజిల్ గురించి రాశాను. "చాలా ఆసక్తికరంగా ఉంది" అని ప్రొఫెసరు రాసిచ్చాడు. పొంగిపోయి మా ఆవిడకి చూపించాను.

ఆవిడ జాలిగా చూసింది. "మా వార్డులో డాక్టర్ గారు ఇంటరెస్టింగ్ అన్నారంటే మేం ఫైలు మళ్ళీ మొదట్నుంచి రాస్తామండీ."

రెండో సెమిస్టర్‌లో ప్లేస్‌మెంట్. అంటే ఒక కాలేజీ హాస్టల్ ఆఫీసులో కొన్ని నెలలు పనిచేసి చూపించాలి. అది పాసైతేనే డిగ్రీ. డిగ్రీ ఉంటేనే ఈ దేశంలో ఏ కాలేజీ గడపైనా తొక్కగలను, లేకపోతే మళ్ళీ గోదాములో పెట్టెలే. నా పాసూ ఫెయిలూ చేతిలో ఉన్నావిడ ఆ హాస్టల్ బాధ్యురాలు, నాకంటే కొంచెం పెద్దది, వెండి జుట్టూ గట్టి టీ అలవాటూ ఉన్న మనిషి. మొదటిరోజు నేను "గుడ్ మార్నింగ్ మేడమ్" అన్నాను. మేడమ్ అనొద్దు, పేరుతో పిలవమంది. పెద్దావిణ్ణి పేరుపెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. మేడమ్ అనడానికి వీల్లేదు. చివరికి ఏమీ పిలవకుండా, ప్రతి వాక్యానికీ ముందు "ఎక్స్‌క్యూజ్ మీ" అని మొదలుపెట్టేవాణ్ణి. ఆవిడ నాకేదో దగ్గు సమస్య అనుకుందేమో కూడా నాకు తెలియదు.

పని ఇంట్లోంచే. హాస్టల్లో ఎవరికైనా వైరస్ సోకి గదిలో విడిగా ఉంటే నేను రోజూ ఫోన్ చేసి, ఎలా ఉన్నారు, ఏమైనా కావాలా, సాయం ఎక్కడ దొరుకుతుందో తెలుసా అని అడగాలి. అంతే. ఆ ప్రశ్నలు దాటకూడదు. పిల్లలందరూ ఒకటే జవాబు చెప్పేవారు, "గ్రాండ్" అని. అంటే బాగానే ఉన్నామని. ఈ దేశంలో కాలు విరిగినా గ్రాండే, ఇల్లు కాలినా గ్రాండే. మొదటి వారం నేను అలవాటు కొద్దీ ప్రతివాణ్ణీ చివర్లో "స్నానం చేశావా?" అని అడిగాను. ఇద్దరు ముగ్గురు ఆఫీసుకి చెప్పినట్టున్నారు.

"అది మనం అడగం," అంది ఆవిడ, ఎంతో నెమ్మదిగా.

"ఎక్స్‌క్యూజ్ మీ, జ్వరం తగ్గినవాడు స్నానం చేస్తే హుషారొస్తుందని..."

"తెలుసు. అయినా అడగం."

సరేనన్నాను. కిమ్మనకుండా గ్రాండ్ గ్రాండ్ అని రాసుకుంటూ పోయాను.

వాళ్ళలో ఒక కుర్రాడుండేవాడు. కిల్కెన్నీ దగ్గర ఏదో పల్లెలో ఆవుల్ని పెంచే ఇంటివాడు, ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం. వాడితో ఉండాల్సిన కుర్రాళ్ళు ఇళ్ళకి వెళ్ళిపోతే ఆ ఫ్లాటులో ఒక్కడే మిగిలాడు. వైరస్ తగ్గింది, విడిగా ఉండాల్సిన గడువూ అయిపోయింది, అయినా గదిలోంచి బయటికి రాలేదు. ఎప్పుడు చేసినా నిద్రగొంతుతో "గ్రాండ్" అనేవాడు. మధ్యాహ్నం రెండింటికి కూడా అదే నిద్రగొంతు. ఆన్‌లైన్ క్లాసుల్లో వాడి జాడ లేదని లెక్చరర్లు రాశారు. ఆ తరవాత ఫోన్ ఎత్తడం కూడా మానేశాడు.

ఆఫీసు పద్ధతి ప్రకారం వాడికి ఒక మెయిల్ పంపాలి. జవాబు రాకపోతే ఇంకొకటి. అదీ కాకపోతే ముందుగా తెలియజేసి, ఇద్దరు మనుషులు వెళ్ళి తలుపు తట్టాలి. మెయిల్ పంపి కూర్చున్నాను. ఆ రోజంతా నా మనసు మనసులో లేదు. వాడు టిఫిన్‌కి రాలేదు, భోజనానికి రాలేదు అని నా లోపలి వార్డెన్ ఒకటే గోల. మర్నాడు పొద్దున్నే కంప్యూటర్లో వాడి వివరాలు తెరిస్తే, అత్యవసరమైతే పిలవవలసిన మనిషి అని వాడి నాన్న నంబరు ఎదురుగా ఉంది. తండ్రి నంబరు ఎదురుగా ఉంటే నా వేలు ఆగదు.

"సార్, మీ అబ్బాయి హాస్టల్ నుంచి వార్డెన్‌ని మాట్లాడుతున్నాను. మీవాడు మంచం దిగడం లేదు. క్లాసులకి రావడం లేదు. ఫోన్ ఎత్తడం లేదు. మీరు ఒకసారి వచ్చి మాట్లాడితే మంచిది."

అటువైపు ఒక ఆవు అరిచింది. తరవాత ఆయన "రైట్" అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

విజయవాడలో తండ్రులు ఒక పావుగంట మాట్లాడేవారు. ఉతకండి సార్, మీకు పూర్తి అధికారం ఇస్తున్నాను అనేవారు. ఈయన ఒక్క మాటతో సరిపెట్టాడు. నాకు ఎంత తృప్తిగా ఉందంటే, లేచి రెండు కప్పుల టీ పెట్టుకుని రెండూ నేనే తాగాను.

ఆ రోజుల్లో ఇంటి నుంచి కొద్ది దూరం దాటి తిరగకూడదని నిబంధన. ఆ పెద్దాయన అదేమీ పట్టించుకోకుండా కారెక్కి డబ్లిన్ వైపు వచ్చేశాడు. దారిలో గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, ఆపి ఎక్కడికని అడిగితే, "మావాడి వార్డెన్ పిలిచాడు" అన్నాడట. గార్డులు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని వదిలేశారట. హాస్టల్ గేటు దగ్గరికి బంగాళాదుంపల బస్తా, ఉడికించిన పంది మాంసం, వాళ్ళావిడ కాల్చిన రొట్టె, ఆపిల్ టార్టు, ఇన్నీ పట్టుకుని దిగాడు. ఆదివారాలు మా హాస్టల్ గేటు దగ్గర గోంగూర సీసాలతో దిగే తల్లిదండ్రులు అచ్చం ఇలాగే ఉండేవారు.

గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఆఫీసుకి ఫోన్ చేశాడు. ఇక్కడ ఒకాయన దుంపల బస్తాతో వచ్చి, వార్డెన్ రమ్మన్నాడంటున్నాడని చెప్పాడు.

"మనకి వార్డెన్ ఎవరూ లేరే," అంది ఆవిడ.

తరవాత ఒక క్షణం ఆలోచించి నాకు ఫోన్ చేసింది.

"ఆ అబ్బాయి ఇంటికి మీరు ఫోన్ చేశారా?"

"చేశాను! అప్పుడే వచ్చేశాడా?" అన్నాను సంబరంగా.

ఆవిడ టీ కప్పు బల్ల మీద పెట్టిన చప్పుడు వినబడింది. ఆ చప్పుడుకి నా సంబరం కొంచెం కొంచెంగా కారిపోయింది. ఆ తరవాత ఆవిడ చెప్పిందంతా ఎక్కడా గొంతు పెంచకుండానే చెప్పింది. ఆ నంబరు ప్రాణం మీదికొస్తే వాడటానికి, పైగా వాడాలా వద్దా అని తేల్చేది తను. విద్యార్థి అనుమతి లేకుండా వాడి సంగతులు కన్నతండ్రికి చెప్పినా సరే చట్టవిరుద్ధం.

"ఎక్స్‌క్యూజ్ మీ, కుర్రాడికి పద్దెనిమిదేళ్ళే కదా," అన్నాను.

"అవును. పెద్దవాడంటే అదే."

నా ప్లేస్‌మెంట్ ఆపేసింది. ఆ కుర్రాడికి ఫిర్యాదు చేసే హక్కుంది, వాడు చేస్తే మాత్రం ప్లేస్‌మెంట్ పోయినట్టే, ఇక తన చేతిలో ఏమీ ఉండదని చెప్పింది. చెబుతున్నప్పుడు ఆవిడకీ బాధగానే ఉందని నాకు తెలుస్తూనే ఉంది. అది నాకు మరీ కష్టంగా అనిపించింది.

మా ఆవిడ డ్యూటీ నుంచి వచ్చి, మాస్కు గీతలు చెరగని మొహంతో అంతా విని, ముందు పడీపడీ నవ్వింది. తరవాత అందుకుంది.

"పక్కింటావిడ మా వార్డులోనే ఉంటే, ఆవిడ ఎట్లా ఉందో మీకైనా చెప్పానా నేను? స్క్రీన్ మీద నంబర్ కనబడితే చాలు, నాన్నకి కొట్టేస్తారా? ఈ రోజుల్లో కాలేజీ నుంచి ఫోనొస్తే కన్నతండ్రి ఏమనుకుంటాడు? పాపం, కారు ఎట్లా తోలుకొచ్చాడో!"

 నాకు అన్నం సయించలేదు.

కాసేపాగి, కంచం తీస్తూ అడిగింది. "ఇంతకీ పిల్లోడు ఎట్లా ఉన్నాడంట?"

అదే నాకు తెలియదు. అది నాకు చెప్పకూడదట.

కుర్రాడు వెంటనే ఫిర్యాదు చెయ్యలేదు. ముందు నాతో ఎదురెదురుగా మాట్లాడతానన్నాడు. దెబ్బ తిన్నవాడూ కొట్టినవాడూ కూర్చుని, ఏం చేస్తే సరిపోతుందో తేల్చుకునే పద్ధతి ఒకటి మా సిలబస్‌లోనే ఉంది. దాంట్లో నాకు మంచి మార్కులొచ్చాయి కూడా. ఆ రోజు చొక్కా ఇస్త్రీ చేసుకుని, బియ్యం బస్తా పక్కకి జరిపి, తెర ముందు కూర్చున్నాను. పద్దెనిమిదేళ్ళ కుర్రాడి ముందు నేను ముద్దాయిగా కూర్చుంటానని ఎన్నడూ అనుకోలేదు.

వాడు తలమీద టోపీ లాక్కుని కూర్చున్నాడు. ఆఫీసు వివరాల్లో ఉన్న ఫోటోకీ ఇప్పటికీ బాగా చిక్కిపోయాడు. హాస్టల్ బాధ్యురాలు మా మధ్యలో టీ కప్పుతో కూర్చుంది.

"మా నాన్న నా గది గుమ్మంలో నిలబడి, నేను బతికే ఉన్నానా అన్నట్టు చూశాడు," అన్నాడు వాడు. "ఆ చూపు నాకు పోవట్లేదు. ఇప్పుడు మా అమ్మ గంటకోసారి ఫోన్ చేస్తోంది. మా ఊళ్ళో అందరికీ తెలిసిపోయింది. ఆవులకి తెలియడమే మిగిలింది."

నేను రాసుకున్న క్షమాపణ పక్కన పెట్టాను. "తప్పయింది. భయమేసి చేశాను. నువ్వు అన్నానికి రాలేదని..." అని ఆగిపోయాను. వాడు అన్నానికి రావడానికి అక్కడ మెస్సు కూడా లేదు. నా గొంతు కింద గ్రౌండ్‌లోంచి పై అంతస్తుకి వినబడేది కదా, ఆ పూట ఇస్త్రీ బల్ల కూడా దాటలేదు.



"ఇది సరవ్వాలంటే నీకేం కావాలి?" అని ఆవిడ అడిగింది. సిలబస్‌లో ఉన్న ప్రశ్నే.

"నేను లేవలేకపోతున్నాను," అన్నాడు వాడు, మమ్మల్ని చూడకుండా. "ఎన్ని అలారాలు పెట్టినా ఆపేసి పడుకుంటున్నాను. లేచి మాత్రం చేసేదేముంది, ఎవరున్నారు అనిపిస్తోంది." టోపీ ఇంకాస్త కిందికి లాక్కున్నాడు. "ఒక్క ఫోన్‌తో మా నాన్నని పాలు పితికే పని వదిలేసి కారెక్కించాడు కదా ఈయన. మా నాన్నని మా అమ్మే ఎప్పుడూ కదిలించలేదు. నన్ను లేపగలడేమో. పొద్దున ఎనిమిదింటికి నాకే చెయ్యమనండి. మా నాన్నకి కాదు."

నాకు కళ్ళు చెమర్చాయి. ఆవిడ మాత్రం వెంటనే షరతులు చెప్పడం మొదలుపెట్టింది. వాడు ఒప్పుకున్నన్నాళ్ళే చెయ్యాలి, వద్దంటే మానెయ్యాలి. వాడు కోరితే డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి తను ఏర్పాటు చేస్తుంది. స్నానం ప్రసక్తి తేకూడదు.

"ఎక్స్‌క్యూజ్ మీ, టిఫిన్ తిన్నావా అని అడగవచ్చా?"

ఆవిడ వాడి వైపు చూసింది. వాడు సరేనన్నాడు.

అలా నా ప్లేస్‌మెంట్ మళ్ళీ మొదలైంది, నెలాఖరుదాకా చూద్దామన్న మాట మీద. వాడు క్లాసుల్లో నిలబడితే నేనూ నిలబడతాను. మొదటిరోజు ఎనిమిదింటికి ఫోన్ చేస్తే వాడు ఎత్తి, "ఊఁ" అని మళ్ళీ గురకపెట్టాడు. షరతుల్లో విజిల్ గురించి ఎక్కడా లేదు. మా ఆవిడ వద్దన్నా వినకుండా పెట్టెలో వేసుకొచ్చిన పాత విజిల్ తీసి, ఫోన్లో మా హాస్టల్ పద్ధతిలో ఊదాను. అటువైపు ఏదో ధబ్బుమని కింద పడింది. తరవాత నాకు అర్థం కాని ఇంగ్లీషులో వాడు చాలా మాట్లాడాడు. పక్క గదిలోంచి మా ఆవిడ కూడా మాట్లాడింది, అది నాకు అర్థమైంది.

ఆ తరవాత విజిల్ అక్కర్లేకపోయింది. వాడు మొదటి రింగుకే ఎత్తి, "లేచాను, లేచాను, అది తీయకండి" అనేవాడు. టిఫిన్ తిన్నావా అని అడిగితే మొదట్లో లేదనేవాడు. తరవాత్తరవాత ఏం తిన్నాడో చెప్పేవాడు. దుంపలు ఎక్కువగా తినేవాడు, ఆ బస్తా అయిపోవాలి కదా. డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళొస్తున్నానని వాడే ఒకరోజు మాటల్లో చెప్పాడు. ఒకరోజు నన్ను సార్ అన్నాడు. వాడు ఏమీ అనుకోకుండా అన్నాడు. నేను మాత్రం ఆ రోజు కూరలు తరుగుతూ రెండుసార్లు వేలు కోసుకున్నాను.

నెలాఖరు దగ్గర పడుతుండగా వైరస్ నాకు తగిలింది. మా ఆవిడ నన్ను ఆ చిన్న గదిలోకి తోసి, తలుపు దగ్గర కంచం పెట్టి వెళ్ళేది. జ్వరం, ఒళ్ళు నొప్పులు. మాత్ర వేసుకుని ఒళ్ళు తెలియకుండా పడుకున్నాను. ఫోన్ ఛార్జింగ్ అయిపోయి ఎప్పుడో చచ్చిపోయింది. ఎనిమిదయింది, తొమ్మిదయింది, నాకు తెలియదు.

తలుపు బద్దలయ్యేలా బాదిన చప్పుడుకి లేచాను. మా ఆవిడ మాస్కు పెట్టుకుని, నైట్ డ్యూటీ నిద్ర చెడిన ఎర్రటి కళ్ళతో గుమ్మంలో నిలబడి, నేను బతికే ఉన్నానా అన్నట్టు చూస్తోంది. ఆ చూపు ఎలా ఉంటుందో అప్పుడు నాకు తెలిసింది. నా వేలికి ఆక్సిజన్ చూసే మిషన్ తగిలించి, అంకె చూసుకుని, గోడకి ఆనుకుంది.

"మీ వార్డెన్ ఫోన్ చేసింది," అంది. "పొద్దున లేవలేదంట గదా మీరు."

"మా వార్డెనెవరు?"

"ఆవిడే! మేడమ్ అనొద్దన్నావిడ. మీరు ఫోన్ ఎత్తట్లేదు, ఒకసారి చూస్తారా అంటా ఒకటే కంగారు. నేను పక్క గదిలోనే పడుకుని ఉన్నానమ్మా, గోడ అవతలే ఉన్నారమ్మా అంటే కూడా, లేచి వెళ్ళి చూసేదాకా ఫోన్ పెట్టనంది. ఇంకా లైన్లోనే ఉంది, మాట్లాడండి."

తన ఫోన్‌ని గుడ్డలో చుట్టి నా దుప్పటి మీదికి విసిరింది.

నేను హలో అనగానే అటువైపు ఒక పెద్ద నిట్టూర్పు వినిపించింది. కాసేపటికి ఆవిడ గొంతు సర్దుకుని, ఆఫీసు గొంతుతో మొదలుపెట్టింది. ఎనిమిదింటికి నా ఫోన్ రాలేదని ఆ కుర్రాడు నాకు చేశాడట, నేను ఎత్తకపోతే ఆఫీసుకి చేశాడట, ఆవిడా చేసి చూసిందట. ఆఖరికి నా వివరాల్లో ఉన్న మా ఆవిడ నంబరుకి చేసింది.

"పద్ధతి ప్రకారం ముందు మీకు మెయిల్ పంపి ఆగాలి," అంది. "నేను ఆగలేదు. మీ అనుమతి లేకుండా మీ సంగతి మీ ఇంటివాళ్ళకి చెప్పాను. ఇది నియమోల్లంఘన. మీకు ఫిర్యాదు చేసే హక్కుందని మీకు తెలియజేయాల్సిన బాధ్యత నాకుంది."

వందల ఇళ్ళకి ఫోన్లు చేసినవాణ్ణి. మీవాడు లేవలేదు, మీవాడు తినలేదు అని. నా గురించి మా ఇంటికి ఎవరైనా అలా ఫోన్ చెయ్యడం నా జీవితంలో అదే మొదటిసారి. నాకు జ్వరం కాబట్టి ఏడుపొచ్చిందని మా ఆవిడకి చెప్పాను గానీ, జ్వరం వల్ల కాదు.

"ఆలోచించుకుని చెబుతాను," అన్నాను. ఆవిణ్ణి ఒక్క నిమిషమైనా భయపెట్టాలనిపించింది.

"తప్పకుండా, ఎంత సమయం కావాలంటే అంత తీసుకోండి," అని, ఆవిడ కొంచెం ఆగి మళ్ళీ అంది. "ఆ అబ్బాయి ఇవాళ ఎనిమిదింటికి తనే లేచాడు. ఎవరూ లేపలేదు. మీ ఫోన్ రాలేదేమా అని లేచాడు. మీరు దొరికారని చెప్పేదాకా వదలనని ఆఫీసు లైను ఇంకా పట్టుకునే ఉన్నాడు. అటుపక్క క్లాసు కూడా వింటూనే ఉన్నాడు. మీ ప్లేస్‌మెంట్ గురించి నేను నెలాఖరుదాకా చూడాల్సింది ఇంకేమీ లేదు. పాసయ్యారు. పడుకోండి."

"థాంక్యూ మేడమ్," అన్నాను. నోరు జారింది.

ఈసారి ఆవిడ మేడమ్ అనొద్దనలేదు. ఫోన్ పెట్టెయ్యలేదు కూడా. కాసేపటికి గొంతు తగ్గించి, పక్కన ఎవరైనా వింటారేమో అన్నట్టు అడిగింది.

"టిఫిన్ తిన్నారా?"